మూడుసార్లు రాసిన బిరుదు

మొదటి రోజు: ష్రూస్‌బరీ

బందరులో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా వేపచెట్టు కింద బల్ల వేసుకుని ముప్ఫై రెండేళ్ళు దస్తావేజులు రాశాను. ఆ పని మానేసి మూడేళ్ళయినా బుద్ధి మారలేదు. ఎవరింటికి వెళ్ళినా గోడ మీద పెద్దాయన ఫోటో కనబడితే చాలు, ఈయనకు ఎంతమంది పిల్లలు, ఆస్తి ఎవరి పేరున పడింది అని లోపల లెక్క మొదలవుతుంది. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మేనకోడలు రెండు నెలలుండి వెళ్ళమని పిలిపించుకుంది. లండన్ తిప్పడం అయ్యాక, "ఇంకేం చూస్తావు మావయ్యా?" అని అడిగింది. క్లైవు ఊరు చూపించమన్నాను.

"రాబర్ట్ క్లైవా? ఆయన్ని చూసేదేముంది?"

బందరు వాళ్ళకి ఆయనతో పాత లెక్క ఒకటి ఉంది. 1759 ఏప్రిల్‌లో మా కోటను ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి లాక్కున్నది కర్నల్ ఫోర్డ్. అతన్ని పంపింది మాత్రం బెంగాల్లో కూర్చున్న క్లైవు. 1765లో షా ఆలం పాదుషా చేత బెంగాలు దివానీతో పాటు ఉత్తర సర్కారులకూ ఫర్మానా రాయించుకున్నాడు. అప్పటికి సర్కారులు నిజాం చేతిలో ఉన్నాయి. స్వాధీనంలో లేని భూమికి పాదుషా సంతకం పెట్టాడన్నమాట. అందుకే మరుసటేడు నిజాంతో విడిగా ఇంకో ఒప్పందం రాసుకోవలసి వచ్చింది. ఇలాంటి డబల్ కాగితాలు నేను చాలా చూశాను.

బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి రైల్లో గంట. ష్రూస్‌బరీని సెవెర్న్ నది మూడు వైపులా చుట్టేసి ఉంటుంది. నల్లటి చెక్క దూలాలు, మధ్యలో తెల్ల సున్నం గోడలు, ముందుకు ఒరిగినట్టున్న పై అంతస్తులు. ఊరి పేరు ష్రూస్‌బరీ అనాలో ష్రోస్‌బరీ అనాలో ఊరివాళ్ళకే తేలలేదట. నేను తేల్చదలచుకోలేదు.

ఊరి మధ్య చౌకులో క్లైవు కంచు విగ్రహం. 1860లో పెట్టారు, చేసినవాడు మరోకెట్టి. 2020లో దీన్ని తీసేయాలని పెద్ద ఎత్తున సంతకాలు సేకరించారు. కౌన్సిల్ ఉంచాలనే తీర్మానించింది. తర్వాత పక్కన ఒక సమాచార ఫలకం పెట్టారు. దాని ముందు నిలబడి పది నిమిషాలు చదివాను. విగ్రహాన్ని మాత్రం రెండు నిమిషాలే చూశాను.

క్లైవు 1744లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఈస్టిండియా కంపెనీ కొలువుకి మద్రాసు వచ్చాడు. ఆ ఉద్యోగం పేరు "రైటర్". నేనూ రైటర్నే అంటే మేనకోడలు నవ్వింది. ఆ రైటరు ప్లాసీ తర్వాత మీర్ జాఫర్ దగ్గర 2,34,000 పౌన్లు పుచ్చుకున్నాడు. ఏడాదికి 27,000 పౌన్లొచ్చే జాగీరు దానికి అదనం. నాకు పేజీకింత అని ఇచ్చేవాళ్ళు.

డబ్బొచ్చాక బిరుదు కావాలి కదా. 1762లో వచ్చింది, "ప్లాసీ బారన్ క్లైవు" అని. బారన్ అంటే ప్రభువుల వరసలో అడుగు మెట్టు. కానీ అది ఐర్లండు బిరుదు. ఆ రోజుల్లో ఇంగ్లండు బిరుదైతే వెస్ట్‌మిన్‌స్టర్‌లో ప్రభువుల సభలో కుర్చీ ఉండేది, ఐర్లండు బిరుదుకి ఉండేది కాదు. ఆయన ఆశపడింది ఇంగ్లండు దానికే. ఇచ్చింది పుచ్చుకుని, ష్రూస్‌బరీ తరఫున మామూలు సభలోనే కూర్చున్నాడు. ఆ బిరుదు పత్రంలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. "క్లేర్ కౌంటీలోని ప్లాసీ" అని రాశారు. ఊరు బెంగాల్లో, జిల్లా ఐర్లండులో! అక్కడ భూములు కొని వాటికి ప్లాసీ అని పేరు పెట్టుకున్నాడు. సరిహద్దుల షెడ్యూల్లో ఇలా రాస్తే మా సబ్ రిజిస్ట్రారు గారు కాగితం మొహాన కొట్టేవారు.

రెండో రోజు: మోర్టన్ సే

ఈ రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఉదయమంతా వాన. అద్దె కారు ఇస్తానన్నవాళ్ళు గంటన్నర నిలబెట్టి, చివరికి మేం అడిగిన బండి కాక ఇంకోటి ఇచ్చారు. మేనకోడలు టెన్షన్ పడుతూ ఆ సన్నదారుల్లో నడిపింది. రెండు వైపులా పొదల గోడలు, ఎదురుగా ట్రాక్టరు వస్తే వెనక్కి పోవడమే.

మార్కెట్ డ్రేటన్‌లో అల్లం రొట్టె తిన్నాం. గోధుమ బిస్కట్టుకి అల్లం మురబ్బా పూసినట్టుంది, నాకు నచ్చింది. చిన్నప్పుడు క్లైవు ఇక్కడి చర్చి గోపురం ఎక్కి రాతి బొమ్మ మీద కూర్చున్నాడనీ, కుర్రాళ్ళని పోగేసి దుకాణాల దగ్గర మామూళ్ళు వసూలు చేశాడనీ చెప్పుకుంటారు. నిజమో కాదో కానీ తర్వాతి కథకి అతికినట్టు సరిపోతుంది.

అక్కడికి మూడు మైళ్ళలో మోర్టన్ సే. పొలాల మధ్య చిన్న ఇటుక చర్చి. క్లైవు 1774 నవంబరు 22న లండన్‌లో, నలభై తొమ్మిదేళ్ళకే చనిపోయాడు. తన చేతుల్తోనే అని ఎక్కువమంది నమ్మకం. ఇక్కడికి తెచ్చి సమాధి చేశారు, ఎక్కడన్నది గుర్తు పెట్టలేదు. లోపల గోడ మీద చిన్న ఇత్తడి పలక ఒక్కటే ఉంది, దాని మీద లాటిన్‌లో "ఇండియాలో ప్రథముడు" అన్న అర్థం వచ్చే మాట.

ఐర్లండు బిరుదు పెద్దకొడుకు ఎడ్వర్డుకి వెళ్ళింది. అప్పటికి వాడికి ఇరవై ఏళ్ళు. చేతిలో తండ్రి డబ్బుంది, కొత్త బిరుదుంది. లేనిది పాత ఇంటిపేరు. అదెక్కడ దొరికిందో చూడటానికి రేపటి ప్రయాణం.

మూడో రోజు: పొవిస్ కోట

కారు తిరిగిచ్చేసి రైలెక్కాం. ష్రూస్‌బరీ దాటి అరగంట కూడా పట్టదు వెల్ష్‌పూల్‌కి. సరిహద్దు దాటి వేల్స్‌లోకి వచ్చామని బోర్డులు చెబుతాయి. అన్నీ రెండు భాషల్లో ఉంటాయి, పైది నోరు తిరగదు. స్టేషను నుంచి ఊళ్ళోంచి నడిచి, జింకలు మేసే పార్కులో పడి వెళ్తే కొండ మీద ఎర్రరాయి కోట. రాసేది పొవిస్ అని, పలికేది పోయిస్ అని టికెట్ ఇచ్చినావిడ సరిదిద్దింది. నాకు అలవాటైపోయింది కాబట్టి పొవిస్ అనే రాస్తాను.

నేను కోట చూడ్డానికి రాలేదు, ఆ బిరుదు చూడ్డానికి వచ్చాను. పొవిస్ ఎర్ల్ అనే బిరుదు ఇప్పటికీ ఉంది. ఎర్ల్ అంటే బారన్ కన్నా పై మెట్టు. కానీ అది ఒక్క బిరుదు కాదు. 1674లో ఒకసారి, 1748లో ఒకసారి, 1804లో ఒకసారి, అదే పేరుతో మూడుసార్లు కొత్తగా సృష్టించినది. రెండుసార్లు చచ్చి మూడోసారి పుట్టింది. మన భాషలో చెప్పాలంటే అదే సర్వే నంబరుకి మూడు వేర్వేరు పట్టాలు.

కోట మొదట వెల్ష్ రాజులది. 1587లో సర్ ఎడ్వర్డ్ హెర్బర్ట్ కొన్నాడు. అతను కట్టించిన పొడుగాటి గ్యాలరీ మేడ మీద ఇప్పటికీ ఉంది. కొడుకు 1629లో బారన్ అయ్యాడు, మనవడి కొడుకు విలియం 1674లో ఎర్ల్ అయ్యాడు. వీళ్ళు కాథలిక్కులు, అదే వాళ్ళ కొంప ముంచింది. పోప్ పక్షాన కుట్ర చేశారన్న తప్పుడు ఆరోపణల మీద విలియం లండన్ టవర్లో ఏళ్ళ తరబడి ఖైదులో ఉన్నాడు. రెండో జేమ్స్ రాజయ్యాక దశ తిరిగి 1687లో ఎర్ల్ కన్నా పై మెట్టు, మార్క్విస్ అయ్యాడు, మరుసటేడే రాజు పారిపోతే ఈయనా వెంటే ఫ్రాన్సుకి పోయాడు. ఆస్తులన్నీ జప్తు. కోటని కొత్త రాజు తన మనిషికి కట్టబెట్టాడు. కొడుక్కి బిరుదు, కోట చట్టప్రకారం తిరిగి వచ్చేసరికి 1722 అయింది.

ఇక్కడ ఒక పక్కదారి. ఈ విలియం కూతురు వినిఫ్రెడ్. ఆమె భర్త నిత్స్‌డేల్ ఎర్ల్‌కి తిరుగుబాటు నేరం మీద మరణశిక్ష పడితే, 1716లో శిక్షకి ముందురోజు జైలుకి వెళ్ళి ఆడబట్టలు తొడిగి బయటికి నడిపించుకొచ్చేసింది. ఇంట్లో మగవాళ్ళంతా బిరుదుల కోసం తంటాలు పడుతుంటే పని జరిపించింది ఈవిడ.

మూడో మార్క్విస్ 1748లో పెళ్ళి లేకుండా పోయాడు. బిరుదు అక్కడితో ఆగిపోయింది. ఎందుకంటే ఈ బిరుదులకి సాధారణంగా రాజముద్రతో ఇచ్చిన పత్రంలో "ఆయన శరీరం నుంచి ధర్మబద్ధంగా పుట్టిన మగ వారసులకు" అని ఉంటుంది. కూతురు లెక్కలోకి రాదు. దత్తుడు రాడు. వీలునామా రాసి ఇంకొకరికి ఇవ్వడానికీ లేదు. ఆస్తి వేరు. ఆస్తిని వీలునామా నడుపుతుంది. మార్క్విస్‌కి తమ్ముడి కూతురొకతె ఉంది, బార్బరా అని, అప్పటికి పన్నెండు పదమూడేళ్ళ పిల్ల. ఆస్తి మాత్రం హెన్రీ ఆర్థర్ హెర్బర్ట్ అనే దూరపు జ్ఞాతికి రాసిపోయాడు. ఆ ఏడే ఆయన్ని పొవిస్ ఎర్ల్ చేశారు. మూడేళ్ళకి, 1751లో, దాదాపు నలభై ఎనిమిదేళ్ళ ఈ ఎర్లు పదిహేను పదహారేళ్ళ బార్బరాని పెళ్ళాడాడు. వీలునామా మీద రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా ముడి వేసుకున్నాడని నా అనుమానం. ఇలాంటి పెళ్ళిళ్ళకి కృష్ణా జిల్లాలో నేనే కాగితాలు రాసి ఉన్నాను.

వీళ్ళ కొడుకు జార్జి, రెండో ఎర్లు. ఇల్లు పట్టించుకోలేదు, అప్పులు చేశాడు, కోట పైకప్పు కారింది, పెళ్ళి చేసుకోలేదు. 1801లో నిస్సంతుగా పోయాడు. బిరుదు రెండోసారి ఆగింది.

జార్జికి చెల్లెలుంది, హెన్రియెట్టా. 1784లో ఈమెను పెళ్ళాడినవాడే మన ఎడ్వర్డ్ క్లైవు. అటువైపు పాత పేరు, కారే పైకప్పు. ఇటువైపు ప్లాసీ డబ్బు. జార్జి ఆస్తిని చెల్లెలి పేర కాకుండా చెల్లెలి కొడుకు పేర రాశాడు. ఒక షరతు పెట్టాడు, కుర్రాడు క్లైవు అనే ఇంటిపేరు వదిలి హెర్బర్ట్ అనిపించుకోవాలి. 1804లో తండ్రి ఎడ్వర్డుని పొవిస్ ఎర్ల్‌గా మూడోసారి సృష్టించారు. 1807లో కొడుకు ఇంటిపేరు మార్చుకున్నాడు. దత్తత హోమం లేదు గానీ తక్కినదంతా దత్తతే. రాబర్ట్ క్లైవు సంపాదించినదంతా రెండు తరాలు తిరిగేసరికి హెర్బర్టుల ఇంట్లో హెర్బర్టుల పేర కూర్చుంది.

ఇదంతా నేను తోటలో బెంచీ మీద పులిహోర తింటూ మేనకోడలికి చెప్పాను. పైనుంచి కిందికి మెట్లమెట్లుగా దిగే తోట, మబ్బుల్లా ఉబ్బిన యూ చెట్ల కంచెలు, సీసపు బొమ్మలు. ఒక నెమలి వచ్చి డబ్బా వైపు చూస్తూ నిలబడింది. వేరుశెనగలు దానికి పెట్టకూడదని మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది.

"అయితే మావయ్యా, రెండుసార్లూ ఆడపిల్ల దారినే వచ్చింది కదా?"

అదే నేను చెప్పబోతున్నది. పత్రంలో బార్బరా లేదు, హెన్రియెట్టా లేదు. కానీ వాళ్ళిద్దర్నీ తీసేస్తే లింకు డాక్యుమెంటు తెగిపోతుంది. మా ప్రాంతంలో 1985 సెప్టెంబరు నుంచి ఎన్టీఆర్ ప్రభుత్వ సవరణతో, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లకి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది. ఆ తర్వాత నా బల్ల దగ్గరకొచ్చి, చెల్లెలి సంతకం లేకుండా రిజిస్ట్రేషన్ అయ్యే ఉపాయం చెప్పమని అడిగిన అన్నదమ్ములు ఎంతమందో. ఒకరిద్దరికి చెప్పాను కూడా. ఇప్పుడు తలచుకుంటే బాగుండదు.

మధ్యాహ్నం క్లైవు మ్యూజియం. కోట లోపలే గది, 1987లో తెరిచారు. ఎడ్వర్డు 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. 1799లో శ్రీరంగపట్నం పడింది ఆయన హయాంలోనే. 1800లో నిజాం కడప, కర్నూలు వైపు దత్తమండలాలు కంపెనీకి ఇచ్చిందీ, 1802లో సర్కారు జిల్లాల జమీందార్లకి శాశ్వత శిస్తు సన్నదులు మొదలైందీ అప్పుడే. తండ్రి పట్టిన ఊళ్ళకి కొడుకు పట్టాలు రాయించాడన్నమాట. మన జమీందార్లలోనూ పెద్దకొడుక్కే ఎస్టేటు అన్న ఆచారం చాలా చోట్ల ఉండేది. కానీ కొడుకు లేకపోతే దత్తత తెచ్చుకునేవారు, దాని మీద లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వ్యాజ్యాలు నడిపేవారు. ఆ సౌకర్యం పొవిస్ ఎర్లుకి లేదు.

టిప్పు సింహాసనం మీది పులి తల, బంగారు రేకు, కెంపులు. పిడికిట్లో పట్టేంత ఉంది. సిరాజుద్దౌలాదని చెప్పే పల్లకీ. హెన్రియెట్టా ఇద్దరు కూతుళ్ళతో 1800లో మద్రాసు నుంచి మైసూరు దాకా తిరిగింది. పన్నెండేళ్ళ చార్లెట్ ఆ ప్రయాణం డైరీ రాసింది. ఆ చార్లెట్టే పెద్దయ్యాక విక్టోరియా రాకుమారికి గురువు. క్లివియా పూలమొక్కకి ఆమె ఇంటిపేరే పెట్టారు. మా మేనకోడలి వంటింటి కిటికీలో ఉన్న మొక్క అదేనని అప్పుడు తెలిసింది.

నన్ను పట్టేసింది టిప్పు డేరా. తెల్లటి నూలు గుడ్డ మీద కుండీలు, పూలు, ఆకులు, అద్దకం పని. పెడనలో మా పెద్దమ్మగారి వీధిలో ఆరబెట్టే కలంకారీ గుడ్డలు చూస్తూ పెరిగినవాణ్ణి, కాళ్ళు కదల్లేదు. ఇది మావైపు పని అని నేననను, దక్కన్‌లో అద్దకం చేసే ఊళ్ళు చాలా ఉన్నాయి. కానీ ఎర్ర రంగు ఎక్కడ చిక్కగా పడిందో, ఎక్కడ పలచబడిందో కన్ను దానంతటదే వెతుక్కుంది. ఈ డేరాని తర్వాత కోటలో తోట విందులకి వేసేవారట.

గోడ మీది బొమ్మల్లో తర్వాతి తరాలు. ఈ మూడో పట్టాలో రెండో ఎర్లు 1848లో వేటలో సొంత కొడుకు తుపాకీ గుండు పొరపాటున తగిలి పోయాడు. మూడో ఆయన బ్రహ్మచారి, అయినా ఈసారి బిరుదు ఆగలేదు. తమ్ముడి కొడుకున్నాడు. ఆ నాలుగో ఎర్లు భార్య వయొలెట్, ఈ తోటని ఇప్పుడు చూస్తున్నట్టుగా చేసిన మనిషి. ఆమెకి సొంత బిరుదు ఉంది, డార్సీ డి నైత్ బారనీ, 1332 నాటిది. అది పత్రంతో కాక పార్లమెంటు పిలుపుతో పుట్టిన పాత రకం, ఆడపిల్లకీ వస్తుంది. అయితే అందులో ఇంకో చిక్కు. కొడుకులు లేక కూతుళ్ళు ఒకరికి మించి ఉంటే పెద్ద చిన్న తేడా లేదు, అందరూ సమానం. బిరుదుని ముక్కలు చేయలేరు గనుక రాజు ఒకరికి తేల్చేదాకా గాల్లో వేలాడుతుంది. వయొలెట్‌కీ అక్కకీ మధ్య అలా వేలాడి, 1903లో వయొలెట్‌కి తేలింది.

ఇద్దరు కొడుకులు. పెద్దవాడు 1916లో మొదటి యుద్ధం గాయాలతో, చిన్నవాడు 1943లో విమాన ప్రమాదంలో పోయారు. చిన్నవాడికి నాలుగేళ్ళ కూతురుంది, దవీనా. తండ్రి ద్వారా నాన్నమ్మ బిరుదు, ఆరువందల ఏళ్ళది, ఆ పాపకి వచ్చింది. తాత బిరుదు రాలేదు. 1952లో తాత పోయినప్పుడు ఎర్ల్ బిరుదు జ్ఞాతుల శాఖకి వెళ్ళింది, కోటని ఆయన పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్టుకి రాసేశాడు. దవీనా 1964లో కారు ప్రమాదంలో భర్తనీ, తన నడకనీ పోగొట్టుకుంది. చక్రాల కుర్చీలోనే ప్రభువుల సభకి వెళ్ళి వికలాంగుల హక్కుల మీద దశాబ్దాలు మాట్లాడింది. 1999లో వంశపారంపర్య ప్రభువులందర్నీ సభలోంచి పంపించేసి 92 మందిని ఉంచినప్పుడు, ఆ 92లో ఈమె ఒకరు. ఎర్ల్ అయిన జ్ఞాతులు ఎవరూ లేరు.

నాలుగో రోజు: మాంట్‌గోమరీ

ఇప్పుడు ఎనిమిదో ఎర్లు ఉన్నారు. ఒక్క మనిషి పేర ఆరు బిరుదులు. 1762 నాటి ఆ ప్లాసీ కూడా వాటిలో ఉంది. పెద్దకొడుకుని మర్యాదకి వైకౌంట్ క్లైవు అంటారు. తండ్రి పోతే కొడుకుని ఎర్ల్‌గా అధికారికంగా ఊరికే గుర్తించరట. 2004 నుంచి ప్రభుత్వం దగ్గర ఒక రిజిస్టరు పెట్టారు. తన జనన పత్రం, తల్లిదండ్రుల పెళ్ళి పత్రం దాఖలు చేసి నిరూపించుకుంటేనే అందులో పేరెక్కుతుంది. పొద్దున్నే ఈ సంగతి చదివి నాకు భలే హుషారొచ్చింది. మేనకోడలు "ఆ రిజిస్టరు చూపించమనకు మావయ్యా" అంది ముందే.

టాక్సీలో మాంట్‌గోమరీ వచ్చాం. చర్చి తలుపు గడియ వేసి ఉంది, తాళం లేదు, తోస్తే తెరుచుకుంది. లోపల రిచర్డ్ హెర్బర్ట్ సమాధి. 1596లో పోయాడు. ఈయన పెద్దకొడుకే మొదటి చర్బరీ బారన్, ఇంకో కొడుకు కవి జార్జ్ హెర్బర్ట్. చర్బరీ బిరుదు కూడా మాటిమాటికీ ఆగి మళ్ళీ పుట్టి, చివరికి 1804లో క్లైవుల మూటలోనే చేరింది.

రంగులేసిన రాతి పందిరి కింద కవచంతో ఆయన, పక్కన భార్య మగ్దలెన్ బొమ్మ, చేతులు జోడించి. వెనక పిల్లల బొమ్మలు వరసగా మోకాళ్ళ మీద. ఆవిడ బొమ్మే ఇక్కడుంది. ఆవిడ తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకుంది, లండన్‌లో చెల్సీలో పోయింది, అక్కడే సమాధి చేశారు.

"మరి దీనికింద ఎవరున్నారు?" అంది మేనకోడలు.

"ఆయనొక్కడే."

మేనకోడలు ఫోన్‌లో ఫోటో తీసుకుంది. టాక్సీ అతను బయట హారన్ కొట్టాడు, నాలుగింటి రైలు.